బ్యారేజీ అయిపోయాక ఏం తీయాలి?

మీరు అడిగినవి రెండు. సత్యనారాయణపురంలో ఉంటూ, ఉద్యోగం వల్ల పొద్దున ఎనిమిదిన్నర లోపు, సాయంత్రం ఆరున్నర తర్వాత మాత్రమే కెమెరా పట్టుకోగలిగే మనిషి, ప్రకాశం బ్యారేజీ, గాంధీ కొండ, ఉండవల్లి గుహలు, భవానీ ద్వీపం తీసేశాక విజయవాడలో ఇంకేం తీయాలన్నది ఒకటి. క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరా, దాంతోపాటు వచ్చిన 18-55 జూమ్ లెన్స్, విడిగా కొన్న 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ ఉన్నాయి కదా, ఇంకో లెన్స్ కొంటే ఉత్సాహం తిరిగొస్తుందా అన్నది రెండోది. లెన్స్ సంగతి చివర్లో చూద్దాం, అది చిన్న విషయం.

మీరు రాసినవన్నీ చూడదగ్గ ప్రదేశాల పేర్లు. ఫొటో విషయంలో ‘ఏం తీయాలి’ అన్నది మొదట వేసుకోవాల్సిన ప్రశ్న కాదు, మూడోది. వెలుగు ఎక్కడ బాగా పడుతోందో ముందు చూసుకోవాలి. దాని వెనకాల ఏముందో తర్వాత చూసుకోవాలి. ఆ రెండూ కుదిరిన చోటికి వస్తువు దానంతటదే వస్తుంది, రాకపోతే మీరే తెచ్చి పెట్టుకోవచ్చు. కొత్తవాళ్ళు చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. టీ బండి కనపడుతుంది, బాగుందనిపిస్తుంది, కెమెరా తీస్తారు. దాని మీద వెలుగు చప్పగా ఉంటుంది, వెనకాల ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ ఉంటుంది. ఇంటికెళ్ళి చూసుకుని ఊళ్ళో ఏమీ లేదనుకుంటారు.

ముందు వెలుగు సంగతి. ఏ వస్తువైనా ఎదురుపడితే వెలుగు దానిలోంచి దూరి వస్తుందా, దాని గరుకుకు తగిలి ఆగుతుందా, నున్నగా జారి మీ వైపు తిరిగి వస్తుందా అని చూడండి. దూరేవాటికి వెనక వెలుగు కావాలి: గోలీసోడా సీసా, అరిటాకు, దండెం మీద ఆరేసిన వాయిల్ చీర, ఇడ్లీ పాత్ర ఆవిరి. గరుకువాటికి పక్కవాటంగా, నేలకు రాసుకుంటూ వచ్చే వెలుగు కావాలి: ముగ్గు, బెల్లం దిమ్మ, సున్నం పెచ్చులూడిన గోడ, గోనెసంచి. నున్నటివాటి సంగతి వేరు. స్టీలు బిందెను ఫొటో తీస్తే నిజానికి మీరు తీసేది బిందెలో కనపడే గదిని. అందుకని బిందె మీద ఎంత వెలుగు పడుతోందన్నది పక్కనపెట్టి, అందులో ఏం కనపడాలో నిర్ణయించుకోండి. బిందెకు ఒక పక్కన రెండడుగుల దూరంలో తెల్ల దుప్పటి కట్టి దాని మీద కిటికీ వెలుగు పడనిస్తే బిందె ఒంపు వెంబడి ఒక తెల్లటి చార దిగుతుంది. మీరు మాత్రం ముదురు రంగు చొక్కా వేసుకుని, జూమ్ 55 దగ్గర పెట్టి, కాస్త పక్కకు జరిగి నిలబడండి. లేకపోతే బిందె బొజ్జ మీద కెమెరా పట్టుకున్న మనిషి తేలతాడు.

ఇది తెలియకపోతే ఏమవుతుందో టీ గ్లాసు దగ్గర బాగా తెలుస్తుంది. టీని ఎండకు ఎదురుగా పెడితే తేనెరంగులో మెరుస్తుందని బయటి దేశాల వీడియోల్లో చూపిస్తారు. అది పాలు లేని టీ. మన టీలో పాలు ఎక్కువ, వెలుగు దాని గుండా రాదు, గ్లాసు మట్టి రంగు దిమ్మలా కనపడుతుంది. మన టీకి పక్క వెలుగే మంచిది, పైన నురగ బుడగలు, గ్లాసు అంచున ఎండిన టీ చార, చుట్టూ సన్నని ఆవిరి అప్పుడే కనపడతాయి. కెమెరాను గ్లాసు ఎత్తుకు దించండి. నిలబడి కిందికి చూస్తూ తీస్తే గ్లాసు కంటే బల్ల మీది మరకలే ఎక్కువ కనపడతాయి.

అక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. 50 ఎంఎం లెన్స్ కొన్నవాళ్ళు దాని ఎపర్చర్‌ను, అంటే వెలుగు దూరే రంధ్రాన్ని, 1.8 దగ్గరే, పూర్తిగా తెరిచే అతికించేస్తారు. అర మీటరు దూరంలో 1.8 పెడితే ఫోకస్‌లో ఉండే లోతు ఏడు మిల్లీమీటర్లకు మించదు. గ్లాసు ముందు అంచు పదునుగా ఉంటే వెనక అంచు కరిగిపోతుంది. అదే దూరంలో ఎఫ్ 5.6 పెడితే సుమారు రెండు సెంటీమీటర్లు వస్తుంది, గ్లాసు ముందు భాగమంతా నిలుస్తుంది, వెనకాల బండి మాత్రం మసకగానే ఉంటుంది. ఇంకోటి, 50 ఎంఎం లెన్సులు మోడల్‌ను బట్టి 35 నుంచి 45 సెంటీమీటర్ల కంటే దగ్గరికి ఫోకస్ కావు. మీ 18-55 అయితే సుమారు పాతిక సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్తుంది. చిన్న వస్తువులకు మీరు చులకనగా చూసే ఆ లెన్సే నయం.

ఇక ఇంట్లో. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మీ చేతిలో ఉన్న రెండు గంటలకు వంటింటి కిటికీ చాలు. ట్యూబ్‌లైటు మాత్రం ఆపేయండి. పగటి వెలుగుకూ ట్యూబ్‌లైటుకూ రంగు ఒకటి కాదు, ఒకవైపు సరిచేస్తే ఇంకోవైపు పచ్చగానో నీలంగానో తేలుతుంది, తర్వాత కంప్యూటర్‌లో కూర్చుని దిద్దినా పూర్తిగా పోదు. ఆవిరి తీయాలంటే కిటికీ పాత్రకు వెనక పక్కవాటంగా ఉండాలి, ఆవిరి వెనకాల నల్లగా ఉండాలి. తెల్ల టైల్స్ ముందు తెల్ల ఆవిరి కనపడదు. ముదురు రంగు తువ్వాలు ఒకటి మూడడుగుల వెనక వేలాడదీయండి. ఆటోఫోకస్ ఆవిరి మీద పట్టు దొరక్క ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది, కాబట్టి మూత తీయకముందే పాత్ర అంచు మీద ఫోకస్ చేసుకుని మాన్యువల్‌లోకి మార్చేయండి. షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 1/125 నుంచి 1/250 వంతు మధ్య ఉంటే ఆవిరి తీగలు తీగలుగా వస్తుంది, 1/30కి దిగితే పొగమంచులా కలిసిపోతుంది. డిసెంబరు, జనవరి పొద్దుల్లో ఆవిరి దట్టంగా కనపడుతుంది. మేలో గాలే వేడిగా ఉంటుంది కనుక ఆవిరి పాత్ర దాటగానే మాయమవుతుంది. ఆ నెలలో ఆవిరి కోసం తంటాలు పడొద్దు, డాబా మీద వడియాలు, మామిడి ఒరుగులు, ఆవకాయకు ఎండబెట్టిన కారం ఉంటాయి.

కిటికీ విషయంలో పుస్తకాలు ఉత్తరపు కిటికీ మంచిదంటాయి, ఎండ నేరుగా రాదు కాబట్టి. ఇక్కడ అది సగం సంవత్సరానికే వర్తిస్తుంది. విజయవాడ అక్షాంశం 16.5 డిగ్రీలు. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్ట మధ్యాహ్నం కూడా సూర్యుడు మనకు ఉత్తరం పక్కనే ఉంటాడు, ఉదయం, సాయంత్రం ఉత్తరపు కిటికీలోంచి ఎండ సూటిగా లోపలికి వస్తుంది. ఆ మూడు నెలలు కిటికీకి పల్చటి తెల్ల పంచె కడితే సరిపోతుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏమీ కట్టక్కర్లేదు.

ఆ కిటికీ దగ్గర ఒక అభ్యాసం చెప్తాను. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో ఒక క్యాప్సికమ్‌ను తగరపు గరాటులో పెట్టి నలుపు తెలుపులో తీశాడు. ఫొటోగ్రఫీ చరిత్రలో బాగా పేరున్న ఫొటోల్లో అదొకటి. గరాటు ఎందుకంటే, లోపలి ఒంపు వెలుగును తిప్పి కాయ వెనక భాగాలకూ పంపిస్తుంది, నీడలు మరీ నల్లబడవు. పటమట రైతు బజారులో కుప్పలోంచి వంకర తిరిగిన కాయను ఏరుకోండి. అందరూ పక్కన పడేసేదే మీకు కావాలి, నున్నటి గుండ్రటి కాయలో చూడటానికి ఏమీ ఉండదు. వంటింట్లో నూనె పోసే పెద్ద స్టీలు గరాటులో దాన్ని పడుకోబెట్టి, కిటికీకి రెండడుగుల దూరంలో పెట్టి, ఎఫ్ 11, ఐఎస్‌ఓ (వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలన్న అంకె) 100 పెట్టండి. షట్టర్ అర సెకను నుంచి రెండు సెకన్ల దాకా పోతుంది. ట్రైపాడ్ లేకపోతే పుస్తకాల దొంతర మీద కెమెరా పెట్టి, రెండు సెకన్ల టైమర్ వేసి, చేయి తీసేయండి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఉంటే అది ఆపేయండి, కదలని కెమెరాలో అదే సన్నటి కదలిక తెస్తుంది. నీడ వైపు తెల్ల థర్మోకోల్ ముక్కను ముందు అడుగు దూరంలో, తర్వాత జానెడు దూరంలో పెట్టి రెండూ తీసి పోల్చండి. ఆ తర్వాత కాయను పావు వంతు తిప్పండి, మళ్ళీ తిప్పండి. ఒక్క కాయతో ఒక ఆదివారం పొద్దంతా గడుస్తుంది. వీధిలో వెలుగు చూడటం ఈ బల్ల దగ్గరే వస్తుంది, ఇది దాటేసి నేరుగా బజార్లోకి వెళ్ళినవాళ్ళకు చాలా ఆలస్యంగా వస్తుంది.

ముగ్గుల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ధనుర్మాసంలో అందరూ తీస్తారు, అందరివీ నిలువుగా పైనుంచి తీసినవే ఉంటాయి. అలా తీస్తే ముగ్గు డిజైన్ వస్తుంది, పిండి రాదు. పిండి గరుకు, గీతలో వేళ్ళు ఆగిన చోట పడిన చిన్న గుట్ట, అంచున జారిన రేణువులు కనపడాలంటే ఎండ నేల మీద పాకాలి. ఆ నెలలో సూర్యోదయం ఆరున్నర దాటాక. కానీ సత్యనారాయణపురం లాంటి చోట ఎదురిల్లు రెండంతస్తులుంటే ఎండ మీ వాకిట్లో దిగేసరికి తొమ్మిది దాటుతుంది, అప్పటికి ఏటవాలు పోతుంది. అందుకని ఆగ్నేయానికి కాస్త ఒరిగి తూర్పు నుంచి వచ్చే వీధి చివర, దానికి ఎదురుగా ఉండే ఇళ్ళు చూసుకోండి. వాస్తు చూసేవాళ్ళు వద్దనే వీధిపోటు ఇల్లు ఫొటోకి మాత్రం శ్రేష్ఠం: వీధి పొడుగునా వచ్చిన ఎండ ఏడింటికే ముగ్గు మీదికి చేరుతుంది. వాకిలి తూర్పు ముఖమైతే ఉత్తరం వైపో దక్షిణం వైపో గొంతుక్కూర్చుని, కెమెరా నేలకు అడుగు ఎత్తులో పట్టుకోండి. నీడలు అడ్డంగా పడి గీతలు ఉబ్బెత్తుగా కనపడతాయి.

ముగ్గు దగ్గరే వెలుగు కొలిచే కెమెరా మీటర్ మోసం చేస్తుంది. తడిపిన సిమెంటు నల్లగా ఉంటుంది, మీటర్ దాన్ని బూడిదరంగుకు తేవాలని ఎక్స్‌పోజర్ పెంచుతుంది, తెల్ల పిండి కాలిపోయి రేణువులు పోతాయి. ఎక్స్‌పోజర్ సవరింపు మైనస్ 0.7 పెట్టండి. మల్లెపూల బుట్ట దగ్గర దీనికి సరిగ్గా తిరగేసి: ఫ్రేమంతా తెలుపే, మీటర్ దాన్ని మురికి చేస్తుంది, ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 దాకా కావాలి.

ఎరుపు ఈ రెండింటికంటే మొండిది. గుంటూరు దగ్గర్లో ఉండి మిరపకాయలు తీయకుండా ఎవరూ ఉండరు, తీసినవాటిలో చాలా ఫొటోలు ఎర్ర ప్లాస్టిక్ ముద్దలా ఉంటాయి. కారణం ఇది. కెమెరా వెనక మామూలుగా చూపించే ఒకే గీత హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) ప్రకాశాన్ని లెక్కకట్టేటప్పుడు ఆకుపచ్చకు సుమారు 59 శాతం, ఎరుపుకు 30 శాతం, నీలానికి 11 శాతం విలువ ఇస్తుంది. మిరపకాయల కుప్పలో ఉన్నదంతా ఎరుపే. ఎరుపు చానల్ అంచు దాటి పోయినా ఆ గీత మాత్రం నిమ్మళంగా మధ్యలోనే ఉంటుంది, మీరు సరిగ్గా ఉందనుకుంటారు. మెనూలో ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ ఆన్ చేయండి, ఎర్ర గీత కుడి అంచుకు తగలకుండా ఉండేదాకా తగ్గించండి, సాధారణంగా మైనస్ 0.7 నుంచి మైనస్ 1.3 దాకా పోతుంది. ఆ హిస్టోగ్రామ్ జేపెగ్ నుంచి వస్తుంది కాబట్టి పిక్చర్ స్టైల్‌ను వివిడ్‌లో ఉంచితే అది ఇంకా ముందే నిండుతుంది. న్యూట్రల్‌లో పెట్టండి, ఫైలు రా ఫార్మాట్‌లో (కెమెరా దిద్దని ముడి ఫైలు) తీయండి. తర్వాత సాచురేషన్ (రంగుల గాఢత) జోలికి పోవద్దు.

మిర్చి యార్డుకు వెళ్ళేటట్టయితే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు ఎక్కువ. వేసవిలో కొన్ని వారాలు యార్డుకు సెలవులిస్తారు, ముందు కనుక్కుని వెళ్ళండి. లోపల టిక్కీల (మిరప బస్తాల) వరసలు, కుప్పలు అందరూ తీసినవే. నా దృష్టిలో అక్కడ అసలైన ఫొటో ముచ్చికలు తీసే ఆడవాళ్ళ దగ్గర ఉంటుంది. కాయ ఎడమ చేతిలో, ముచ్చిక కుడి బొటనవేలి గోరు కింద, ఒక విరుపు, కాయ ఒక కుప్పలోకి, ముచ్చిక ఒళ్ళోకి. గోళ్ళ చుట్టూ ఎర్రగా పట్టేసిన చర్మం, ముక్కుకు కట్టిన కొంగు, చీర మడతల్లో ఎండిన ముచ్చికల పోగు. చేతుల మీద ఫోకస్ పెట్టి 1/250, ఎఫ్ 4 చాలు. 1/60లో తీస్తే వేళ్ళు కదిలిపోయి కాయలు నిలుస్తాయి, అదీ ఒక రకంగా బాగుంటుంది, కావాలని చేస్తే. పక్కనే తాలుకాయలు ఏరి పోసిన కుప్ప ఉంటే దాన్నీ ఫ్రేములోకి రానివ్వండి. ఆ పాలిపోయిన రంగు పక్కనుంటేనే ఎరుపు ఎంత ఎరుపో తెలుస్తుంది.

యార్డులో లెన్స్ మార్చొద్దు. కారం ధూళి సెన్సర్ మీద పడితే ఒక బాధ, జూమ్ లెన్స్ చాచి ముడిచేటప్పుడు గొట్టంలోకి పోతే ఇంకో బాధ. ఇంటి దగ్గరే ఒక లెన్స్ పెట్టుకుని వెళ్ళండి. తిరిగొచ్చాక ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత మెత్తటి బ్రష్, ఆ తర్వాతే గుడ్డ. ముందే గుడ్డతో తుడిస్తే గరుకు రేణువులు గాజు మీద గీతలు పెడతాయి. నోటితో ఊదొద్దు. ఆ చేత్తో కళ్ళు నలుపుకోవద్దని గుంటూరువాళ్ళకు చెప్పక్కర్లేదు, బెజవాడ నుంచి వెళ్ళేవాళ్ళకు చెప్పాలి.

వెనకాల సంగతికొద్దాం. వీధిలో ఫొటో చెడగొట్టేవి ఫ్లెక్సీలు, కరెంటు తీగలు, పార్క్ చేసిన బండ్ల అద్దాలు. వీటిని తర్వాత చెరిపేద్దామనుకోవద్దు. ఒకడుగు పక్కకు, మోకాలి ఎత్తుకు, లేదా ఎదుటి మెట్ల మీదికి మారి చూడండి, పదింట ఏడు సందర్భాల్లో పోతాయి. అన్నింటికంటే తేలిక దారి, వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో కొట్లు తెరవకముందు వెళ్ళడం. దించేసిన రోలింగ్ షట్టర్లు నీలం, ఆకుపచ్చ, తుప్పు రంగుల్లో వరసగా ఉంటాయి, స్టూడియోలో కట్టే తెరకంటే బాగుంటాయి. ఎండ పట్టీ ఒకటి రెండు మేడల సందులోంచి షట్టర్ మీద పడే చోటు వెతుక్కుని, ఎదుటి గట్టు మీద కూర్చోండి. పాల క్యాన్ల సైకిలు, అరటి గెలల తోపుడు బండి, పేపరు కుర్రాడు, పూజ సామాను సంచితో పెద్దావిడ, అందరూ ఆ పట్టీలోంచే పోతారు. అరగంట కదలకండి. మొదటి పది నిమిషాలు అందరూ మిమ్మల్ని చూస్తారు, తర్వాత వదిలేస్తారు.

అప్పటికి కెమెరా సిద్ధంగా ఉండాలి. జూమ్ 35 దగ్గర పెట్టి చిన్న టేపు అంటించేయండి. మాన్యువల్ మోడ్, ఐఎస్‌ఓ 200, ఎఫ్ 8. నడినెత్తి ఎండకు 1/800 సరిపోతుంది, పొద్దున ఎనిమిది లోపు ఎండకు 1/400. మూడు మీటర్ల దూరంలో నేల మీద ఒక గుర్తుకు ఆటోఫోకస్ చేసి మాన్యువల్‌లోకి మార్చండి. సుమారు 2.2 నుంచి 5 మీటర్ల దాకా అన్నీ పదునుగా వస్తాయి, ఇక ఫోకస్ గురించి ఆలోచించక్కర్లేదు. ఆటో మోడ్‌లో ఉంచితే కెమెరా చుట్టూ ఉన్న నీడను చూసి వెలుగు పెంచేస్తుంది, ఎండ పట్టీ తెల్లగా కాలిపోతుంది. ముఖం ముఖ్యమనుకుంటే, మనవాళ్ళ ఛామనచాయకు, మూడో వంతు నుంచి సగం స్టాప్ దాకా (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు) పెంచుకోండి.

బజార్లో ఒక రంగు గురించి జాగ్రత్త. కూరగాయల దుకాణాల మీద కట్టే నీలం టార్పాలిన్ కింద ఎండ నీలంగా మారి దిగుతుంది. టమాటాలు ఊదారంగుకు తిరుగుతాయి, మనుషుల ముఖాలు జబ్బు పడ్డట్టు కనపడతాయి. వైట్ బ్యాలెన్స్‌తో (తెలుపు తెల్లగా కనపడేలా చేసే సవరింపు) కొంత దిద్దొచ్చు కానీ చర్మం రంగు పూర్తిగా వెనక్కి రాదు, ఎందుకంటే ఆ వెలుగులో ఎరుపు అసలు తక్కువ. టార్పాలిన్ అంచున, సగం బయటి వెలుగు పడే చోట నిలబడి తీయండి, లేదా అక్కడ తీసినవి నలుపు తెలుపుకు మార్చేయండి. పసుపు, ఎరుపు టార్పాలిన్ కింద వంకాయలు, ఆకుకూరల రంగు చెడుతుంది కానీ ముఖాలు ఫరవాలేదు.

సాయంత్రం ఆరున్నర తర్వాత అన్నారు కదా. జూన్‌లో సూర్యాస్తమయం ఆరూ నలభై దాటాక, డిసెంబరులో ఐదూ నలభైకే. సూర్యుడు దిగిన పది నిమిషాల నుంచి పాతిక నిమిషాల దాకా ఆకాశం నీలమూ కొట్ల దీపాలూ ఒకే బరువులో ఉంటాయి. మన దగ్గర సంధ్య పొట్టిది, పావుగంటకు మించి దొరకదు. మార్చి నుంచి ఆగస్టు దాకా మీరు దాన్ని అందుకోగలరు. మిగతా నెలల్లో చాలావరకు చీకటే, అప్పుడు ఏలూరు రోడ్డు, బీసెంట్ రోడ్డు పక్కల టిఫిన్ బండ్లకు పోండి.

బండి దగ్గర మొదటి ఇబ్బంది ఎల్‌ఈడీ బల్బు. మన కరెంటు 50 హెర్ట్‌జ్, చవక బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ 1/250, 1/500 పెడితే ఫొటోలో అడ్డంగా నల్ల చారలు పడతాయి, లేదా ఒక ఫొటో వెలుగ్గా ఒకటి చీకటిగా వస్తుంది. 1/100 లేదా 1/50 పెట్టండి. సైలెంట్ ఎలక్ట్రానిక్ షట్టర్ ఉంటే ఆపేయండి, చారలు దానితోనే ఎక్కువ. ఎఫ్ 2.8, 1/100, ఐఎస్‌ఓ 1600 నుంచి 3200. నలుసులు వస్తాయి, రానివ్వండి, కదిలిపోయిన ఫొటో కంటే నలుసులున్న ఫొటో మేలు. బల్బు ఫ్రేములో ఉంటే అదొక తెల్లటి రంధ్రంలా ఉంటుంది. బండి గుంజ వెనకకో, పునుగులు వేసే మనిషి తల వెనకకో బల్బు దాగేలా నిలబడండి. అప్పుడు మూకుడు మీది పొగ వెనక నుంచి వెలుగుతుంది, మనిషి భుజం అంచున గీత పడుతుంది. మూకుడుకు మీటరు దూరం ఉండాలి, నూనె చిటచిటలు లెన్స్ మీద పడితే పొడి గుడ్డతో తుడిచిన కొద్దీ అలుక్కుంటాయి, క్లీనింగ్ ద్రవం గుడ్డ మీద వేసి తుడవాలి, గాజు మీద పోయకూడదు.

ఏసీ గదిలోంచి కెమెరా తీసుకుని వాన రోజున బయటికి వస్తే అద్దం మంచు పడుతుంది, సంచిలోనే జిప్ వేసి అరగంట ఉంచి తీయండి. వాన వెలిశాక రోడ్డు గుంటల్లో దీపాల ప్రతిబింబాలు తీసేటప్పుడు ఆటోఫోకస్ నీటి మీది ఆకును పట్టుకుంటుంది. ప్రతిబింబంలో కనపడే దీపం మీద పట్టించండి. లెన్స్‌కు పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసేయండి, అది ప్రతిబింబాన్నే తుడిచేస్తుంది. మధ్యాహ్నపు ఎండలో నేను ఏమీ తీయమనను, ఒక్కటి తప్ప: మే మొదటి వారంలో, మళ్ళీ ఆగస్టు మొదటి వారం చివర్లో, పన్నెండు దాటిన కొన్ని నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువుగా ఉన్న వాటికి నీడ ఉండదు. డాబా మీద నీళ్ళ డ్రమ్ము, తులసికోట, దండెం గుంజ, ఏది తీసినా గాల్లో అతికించినట్టు వింతగా వస్తుంది.

మనుషుల్ని తీసేటప్పుడు దూరం నుంచి పొడుగు లెన్స్‌తో దొంగచాటుగా తీయడం నాకు నచ్చదు, ఫొటోలు కూడా అలాగే ఉంటాయి. “అన్నా, ఒక ఫొటో తీసుకోనా” అని అడగండి. అడగ్గానే బిగుసుకుంటారు, ఒకటి తీసి చూపించి, కబుర్లలో పెట్టి, పని మొదలెట్టాక మళ్ళీ తీయండి. వద్దంటే వద్దు. పిల్లలైతే పక్కన పెద్దవాళ్ళను అడగాలి. తర్వాతి వారం చిన్న ప్రింటు తెచ్చి ఇస్తే ఆ వీధిలో మీకు ఇక అడ్డు ఉండదు. దుర్గగుడి లోపలికి కెమెరా తీసుకెళ్ళనివ్వరు, రైల్వే స్టేషన్‌లో పెద్ద కెమెరా తీస్తే పోలీసులు అడుగుతారు. ఆ రెంటితో పేచీ అనవసరం.

ఇవన్నీ ఒకేసారి పెట్టుకోకండి. ఇంటి నుంచి ఐదు నిమిషాల నడకలో ఒక చోటు, ఒక గోడో, టీ బండో, కాలువ గట్టో, ఎంచుకుని ఆరు వారాలు, వారానికి రెండు సార్లు, ఒకే సమయానికి వెళ్ళండి. మూడో వారం విసుగు వస్తుంది, అప్పుడే ఎత్తు మార్చడం, ఒక వస్తువును తీసేయడం మొదలవుతుంది. ప్రాగ్‌లో జోసెఫ్ సుడెక్ అనే ఫొటోగ్రాఫర్ 1940 నుంచి 1954 దాకా తన స్టూడియో కిటికీనే తీస్తూ పోయాడు, మంచు పట్టినా, వాన చుక్కలు జారినా అదే కిటికీ. ఫొటోలు ఆ రోజే ఎంచొద్దు, మూడు నాలుగు రోజులు ఆగితే ఎండలో నిలబడిన కష్టం మరచిపోయి ఫొటోనే చూస్తారు. ఆరు వారాలకు పన్నెండు మించి ఉంచుకోకండి. వాటిని పోస్టుకార్డు సైజులో ప్రింటు వేయించి నేల మీద పరవండి. ఒకేలాంటివి రెండుంటే బలహీనమైనది వెంటనే కంటికి తగులుతుంది, ఫోన్ తెర మీద అది తెలియదు.

లెన్స్ విషయం. ఇప్పుడు కొనొద్దు. డబ్బు ఖర్చు పెట్టాలనే ఉంటే బ్లోయర్, మంచి గుడ్డ, తర్వాత మీ 50 ఎంఎంకి ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (కెమెరాకూ లెన్స్‌కూ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలు). 12 మిల్లీమీటర్ల ట్యూబు ఒక్కటి పెడితే సెన్సర్ మీద పడే బొమ్మ, వస్తువు అసలు సైజులో దాదాపు మరో పావు వంతు మేర పెద్దదవుతుంది. మల్లెమొగ్గ తొడిమ, మిరప గింజ, ముగ్గు రేణువు దాకా వెళ్ళొచ్చు. దూరపు ఫోకస్ మాత్రం పోతుంది, ట్యూబు తీస్తేనే తిరిగొస్తుంది. లోపల ఎలక్ట్రానిక్ కాంటాక్టులున్నవే తీసుకోండి. అవి లేని చవక రకంలో కెమెరా నుంచి ఎపర్చర్ మారదు, ఆటోఫోకస్ పనిచేయదు, చాలా లెన్సులు పూర్తిగా తెరుచుకునో మూసుకునో ఉండిపోతాయి.